ఒకే తలుపుకి రెండు తాళాలు

"నాన్నా, మంచం అటు పట్టు. తల దగ్గర కూడా మొదలైంది."

మేస్త్రి లేవలేదు. కుర్చీలో వెనక్కి వాలి కప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. నిన్న అరచెయ్యంత ఉన్న తడిమరక తెల్లారేసరికి చాపంత అయింది. దాని నడిమి నుంచి చుక్క వెనక చుక్క గిన్నెలో పడుతోంది.

"నీకే చెప్పేది."

"వింటున్నా."

"వింటే మంచం కదలదు."

కూతురే ఒక కొస పట్టుకుని ఈడ్చింది. కోళ్లు గచ్చు మీద కీచుమన్నాయి. ఆ మంచం మీదే వాళ్లమ్మ పోయింది. ఆ తరవాత పరుపు మార్చారు గాని మంచం మార్చలేదు. మేస్త్రికి వస్తువుల్ని వదిలెయ్యడం చేతకాదు. మనుషుల్నయితే ఒక్క మాట పట్టింపుకి వదిలేస్తాడు.

గోడలో గొట్టం ఆపకుండా రొద పెడుతోంది. బతుకంతా లేత్ మిషను ముందు నిలబడినవాడికి ఏ చప్పుడు ఎక్కణ్నించి వస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. పై వాటాలో దర్జీ అద్దెకున్న ఇంట్లో కుళాయి పారుతోంది. ఇంట్లో మనిషి లేడు. తలుపుకి రెండు తాళాలున్నాయి.

మొదటిది దర్జీది. అద్దె ఆపాడన్న కసితో మేస్త్రి మెట్ల కింద వాల్వు కట్టేసి నీళ్లు ఆపిన రోజు దర్జీ కుళాయి తిప్పి చూసి ఉంటాడు. చుక్క రాలేదు. కట్టకుండానే వదిలేసి, పెళ్లాన్ని తీసుకుని బావమరిది ఇంటికి పోతూ తాళం వేసుకున్నాడు. దానికి జానెడు పైన మేస్త్రి ఇంకో గొళ్లెం బిగించి తన తాళం తగిలించాడు. మళ్లీ గడప ఎలా తొక్కుతాడో చూద్దామని.

దర్జీ గడప తొక్కలేదు. కోర్టు మెట్లెక్కాడు. కోర్టు రెండే ముక్కలు చెప్పింది. నీళ్లు వెంటనే వదలాలి. విచారణ అయ్యేదాకా ఆ తలుపు ఎవరూ ముట్టుకోకూడదు.

మేస్త్రి వాల్వు తిప్పాడు. మనుషుల్లేని ఇంట్లో నీళ్లు పడటం మొదలైంది.

"అక్కడ తూముంది కదా, నాన్నా. నీళ్లు పోవాలి కదా?"

"వాడి తూములో ఎప్పుడూ దారప్పోగులే. మీ అమ్మ ఉన్నప్పుడు నేనే ఇనపతీగ పెట్టి లాగేవాణ్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు జడ్జిగారు వచ్చి లాగాలి."

కూతురు నవ్వలేదు. గిన్నె తీసి నీళ్లు పారబోసి మళ్లీ పెట్టింది.

ఫోను మోగింది. పొద్దున్నించీ మేస్త్రి చేస్తున్నా ఎత్తని లాయరు. మేస్త్రి ఫోను పట్టుకుని వీధి అరుగు మీదికి పోయాడు, తలుపు దగ్గరగా వేసి.

"సెలవు రోజు కూడా వదలరా మీరు?" అన్నాడు లాయరు. ఏదో నములుతున్నాడు. "చెప్పండి, త్వరగా."

మేస్త్రి చెప్పాడు. అవతల నమలడం ఆగింది.

"వాల్వు కట్టేశారా?"

"లేదు. అడుగుదామనే."

"కట్టారంటే కోర్టు వదలమన్న నీళ్లు మళ్లీ ఆపినట్టు. కట్టకండి."

"పోనీ తాళం తీసి కుళాయి కట్టేస్తా."

"తీశారంటే కోర్టు ముట్టుకోవద్దన్న తలుపు ముట్టుకున్నట్టు. లోపల వాడి సామాను ఏం పోయినా మీ నెత్తికే చుడతాడు."

"మరి ఇల్లు కూలిపోతుంటే ఏం చెయ్యమంటారు?"

"ఫొటోలు తియ్యండి."

మేస్త్రి పళ్లు నూరాడు. "పోలీసుల్ని అడిగితే?"

"కోర్టులో ఉన్నదానికి వాళ్లు చెయ్యి పెట్టరు. కోర్టు తెరిచాక అర్జీ వేద్దాం. అప్పటిదాకా ఓపిక పట్టండి. ఇంకోటి వినండి. ఆర్డరులో మీ పేరొక్కటే లేదు. మీరూ, మీ కుటుంబసభ్యులూ అని ఉంది. ఇంట్లో ఎవరు వాల్వు కట్టినా, ఎవరు తాళం తీసినా కోర్టు మాట జవదాటినట్టే. మీ అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి."

మేస్త్రి దగ్గరగా వేసిన తలుపు వంక చూశాడు.

"ఉన్నారా? ఎలాగూ ఇల్లు మీ ఆవిడ పేరు మీదే ఉంది. ఆవిడ పోయాక మీరు మార్పించుకోలేదు. ఖాళీ చేయించే కేసు నిలబడాలంటే అమ్మాయి కూడా సంతకం పెట్టాలని మొదటినుంచీ..."

"అమ్మాయిని ఇందులోకి లాగొద్దని నేనూ మొదటినుంచీ చెబుతున్నా."

"లాగేది నేను కాదండీ, ఆస్తి."

మేస్త్రి ఫోను పెట్టేశాడు.

కూతురికి బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. ఎన్ని పరీక్షలు రాసిందో, ఎన్నిసార్లు ఆఖరి మెట్టు మీదనుంచి జారిందో ఆయనకి తెలుసు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేసేముందు ఒక కాగితం నింపిస్తారు. మీ మీద ఏదైనా కేసు ఉందా అని అందులో అడుగుతారు. లేదు అని రాయడానికి ఆ పిల్ల చెయ్యి వణక్కూడదు. ఈ ఇంట్లో ఆయన కాపాడాలనుకున్నది అదొక్కటే మిగిలింది. ఇల్లు పోతే పోనీ అనుకునేదాకా వచ్చాడు.

లోపలికి వచ్చాడు.

"ఏమన్నాడు?"

"ఫొటోలు తియ్యమన్నాడు."

"అంతేనా? అంతసేపు?"

"అంతే."

"అబద్ధం. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

"నా మొహం ఎప్పుడూ ఇంతే."

"పోనీ నేను వెళ్లి ఆ వాల్వు కట్టేస్తా. ఇక్కడ పెచ్చులు ఊడేలా ఉన్నాయి."

"వాల్వు జోలికి పోకు."

"ఎందుకు?"

"పోవద్దన్నానా?"

"ఎందుకో చెప్పు నాన్నా. చిన్నపిల్లనా నేను? నలభై మందికి పాఠం చెబుతున్నా."

"వాళ్లకే చెప్పుకో."

కూతురు తడిగుడ్డ బకెట్లోకి విసిరింది.

"ఒక్క రసీదు," అంది. "ఆయన అడిగింది ఒక్క అద్దె రసీదు. కొత్త మిషనుకి బ్యాంకు అప్పు కావాలంటే ఉంటున్న చోటు చూపించమన్నారు. ఇచ్చి ఉంటే అద్దె ఆపేవాడా? కోర్టుకి పోయేవాడా?"

"రసీదు ఇస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. పై వాటా కూడా మన సొంత వాడకమేనని ఇంటిపన్ను కాగితాల్లో రాయించావు. అద్దెకి ఇచ్చామని తెలిస్తే పన్ను పెరుగుతుంది. ఇన్నేళ్లదీ తవ్వుతారు."

"తవ్వితే కట్టేదెవరు?"

"ఇప్పుడు తవ్వడం లేదా? ఆయన అద్దెకున్నాడని కోర్టులో చెబితే పన్ను దొంగవి. లేడని చెబితే పరాయివాడి సామాను మీద తాళం వేసిన దొంగవి. నీ లాయరే అన్నాడు, మొన్న నా ముందే."

దొంగ అన్న మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. అన్నాక కూతురు నాలిక కరుచుకుంది. మేస్త్రి మాత్రం ఆ మాట ఎప్పటినుంచో వింటున్నవాడిలా తల ఊపాడు.

"అమ్మ ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు," అంది మెల్లిగా.

"ఉంటే కదా."

అప్పుడే కప్పులోంచి పెచ్చు ఒకటి ఊడి ఇందాక మంచం ఉన్న చోట పడింది. మంచం జరపకపోతే దిండు మీద పడేది.

కూతురు చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"దర్జీ దగ్గరికి. రెండు తాళాలూ ఇద్దరూ కలిసి తీస్తే కోర్టుకి మాత్రం అభ్యంతరమేంటి? అడుగుతా."

"నువ్వు అడగడమేంటి? కూర్చో."

"నువ్వు అడగవుగా."

మేస్త్రి లేచాడు. గోడకున్న మేకు మీదనుంచి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"నువ్వు వాకిట్లోనే నిలబడు. మాట్లాడేది నేను," అన్నాడు.

*

దర్జీ బావమరిదికి టైర్ల కొట్టుంది. దాని వెనక గదిలో పాత టైర్ల మధ్య చాప వేసుకుని దర్జీ గుండీలు కుడుతున్నాడు. మిషన్లు రెండూ తాళం వెనకే ఉండిపోయాయి. చేత్తో కుట్టేది తప్ప వేరే పని లేదు. మేస్త్రిని చూసి సూది ఆపాడు గాని లేవలేదు.

లేచింది భార్య. "రండి బాబాయిగారూ," అని నోరు జారి, మొగుడి వంక చూసి ఊరుకుంది.

"నీ కుళాయి పారుతోంది," అన్నాడు మేస్త్రి.

"నీళ్లు వదిలారా? సంతోషం," అన్నాడు దర్జీ.

"కట్టకుండా పోయావు."

"నీళ్లు రాని కుళాయి కట్టడమేంటి మేస్త్రిగారూ? రాకుండా మీరే చేశారుగా."

"తూము మూసుకుపోయింది. నా కప్పులోంచి కారుతోంది. నీ ఇల్లంతా చెరువయ్యుంటుంది."

భార్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఆసుపత్రివాళ్లకి కుట్టిన కోట్లు! మూటలన్నీ నేల మీదే పెట్టాం. కత్తిరించిన గుడ్డ కూడా కిందే ఉంది."

"అందుకే వచ్చా. రా. నీ తాళం నువ్వు తియ్యి, నా తాళం నేను తీస్తా. కుళాయి కట్టి మళ్లీ ఎవరిది వాళ్లం వేసుకుందాం."

దర్జీ గుండీలో సూది గుచ్చి వదిలాడు. "తలుపు ముట్టుకోవద్దన్నారుగా."

"ఇద్దరం కలిసి ముట్టుకుంటే ఎవరు అడుగుతారు?"

"రేపు మీరే అడుగుతారు. వాడే తీశాడు, వాడే తడిపాడు, వాడే పట్టుకుపోయాడు అంటారు."

"నేనా అనేది?"

"అనరా? తమరు అన్నవి గుర్తు చెయ్యమంటారా? రసీదు అడిగితే 'నువ్వెవడివి, నా ఇంట్లో నువ్వున్నావని ఎక్కడ రాసుంది' అన్నారు. నేను పై మెట్టు మీద, మీరు కింది మెట్టు మీద. వీధంతా విన్నది. పిన్నిగారు పోయినప్పుడు పాడె మోసినవాణ్ని. నేనెవణ్నో మీకు తెలియలేదు."

మేస్త్రి దవడ బిగుసుకుంది. తప్పు తనదైనప్పుడు ఆయనకి అంతే. అది చూసినవాళ్లు ఆయనకి కోపం వచ్చిందనుకుంటారు.

గుమ్మంలో నిలబడిన కూతురు ఇక ఆగలేకపోయింది. "అన్నయ్యా, ఆ గొడవలన్నీ కోర్టులో తేల్చుకోండి. ముందు నీళ్లు ఆగాలి. మీ బట్టలు పోతాయి, మా ఇల్లు పోతుంది. ఎవరికి లాభం?"

"వెళ్లవయ్యా," అంది దర్జీ భార్య. "కోట్లు పాడైతే ఆసుపత్రివాళ్లు మళ్లీ మనకి పనిస్తారా? ఈ గదిలో ఎన్నాళ్లు? మా వదిన మూతి రోజురోజుకీ మూరెడవుతోంది."

దర్జీ ఒక్కొక్కరి మొహమే చూశాడు. మేస్త్రిని చివర చూశాడు.

"చొక్కా వేసుకొస్తా," అని లోపలికి పోయాడు.

చాలాసేపు రాలేదు. కొట్టు ముందు ఎవడో టైరులో గాలి కొట్టించుకుని వెళ్లిపోయాడు. మేస్త్రి నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"చొక్కా కుట్టుకుంటున్నాడా?" అన్నాడు చివరికి.

దర్జీ భార్య ఫక్కున నవ్వి వెంటనే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురి పెదవులు కూడా కదిలాయి. ఒక్క క్షణం పాత రోజుల్లా అనిపించింది. దర్జీ బయటికి వచ్చాడు. ఒంటి మీద చొక్కా, చేతిలో ఫోను. నవ్వులు ఆగిపోయాయి.

*

మెట్ల మొదట్లో మేస్త్రి కూతుర్ని ఆపాడు.

"నువ్వు లోపలే ఉండు. పైకి రావద్దు."

"తుడవడానికి మనిషి కావాలిగా?"

"పిలుస్తా. పిలిచేదాకా రావద్దు."

"సరే. తలుపు తీశాక కేక వెయ్యి."

ముగ్గురూ పైకి ఎక్కారు. ముందు మేస్త్రి, వెనక దర్జీ, ఆ వెనక భార్య. తలుపు కిందనుంచి నీళ్లు సన్నగా బయటికి వచ్చి చివరి మెట్టు తడిపాయి. నీళ్లతో పాటు నీలం దారప్పోగొకటి కొట్టుకొచ్చి మేస్త్రి బొటనవేలికి చుట్టుకుంది.

తలుపు మీద రెండు గొళ్లాలు. కిందది తలుపుతో పాటు పుట్టింది. పైది కొత్తది. దాని మరలు ఒక్కొక్కటీ మేస్త్రి స్వయంగా కోసుకున్నవి. ఊడదీసేవాడికి చుక్కలు కనబడాలని ఆ రోజు ఎంత బిగించాడో ఇప్పుడు చూస్తుంటే ఆయనకే వింతగా ఉంది.

"ముందు మీరు తియ్యండి," అన్నాడు దర్జీ. "మీది పైన ఉంది."

అదీ నిజమే. పైదాని పొడుగు పట్టీ తప్పిస్తేగాని కిందది ఆడదు. గొళ్లెం అలా బిగించింది ఆయనే.

మేస్త్రి తాళంచెవి పెట్టి తిప్పాడు. తాళం టక్కున ఊడి చేతిలోకి వచ్చింది. గొళ్లెం వెనక్కి పడి చెక్కకి కొట్టుకుని గట్టిగా మోగింది. ఆయన పక్కకి తప్పుకుని చోటిచ్చాడు.

"ఊఁ. నీది."

దర్జీ కదల్లేదు. ఫోను మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఏంటది?"

"వీడియో."

"ఎందుకు?"

"మీరు తాళం తీశారని."

మేస్త్రి చేతిలో తాళం వంక చూసుకున్నాడు. మళ్లీ దర్జీ వంక చూశాడు. "నీ తాళం తియ్యి," అన్నాడు.

"నన్ను తాళం ముట్టుకోవద్దన్నాడు మా లాయరు."

"చొక్కా వేసుకోడానికి అంతసేపు అందుకా?" భార్య గొంతు లేచింది. "నిజంగా తీస్తావనుకుని ముందుండి తీసుకొచ్చానే! లోపల మన బట్టలు! తియ్యవయ్యా!"

"బట్టలు పోతే పరిహారం అడగొచ్చట. ఆయన చేత్తో ఆయనే తాళం తీసినట్టు ఇందులో ఉంటే ఇల్లు మన నుంచి ఎవరూ లాక్కోలేరట." దర్జీ ఫోనులోకే చూస్తూ చెబుతున్నాడు. "నాకూ ఇష్టం లేదు మేస్త్రిగారూ. మీరు ఆ రోజు ఆ మాట అని ఉండకపోతే..."

"తాళంచెవి ఇవ్వు. నేనే తీస్తా," అని భార్య అతని జేబు మీద చెయ్యి వేసింది. అతను ఆమె చెయ్యి తోసేశాడు. ఫోను మాత్రం దించలేదు.

మేస్త్రి అరవలేదు. ఆ ఒడుపు ఆయనకి కొత్త కాదు. వాల్వు కట్టేటప్పుడు తనూ ఇలాగే కట్టాడు, అవతలివాడి గొంతెండుతుందని తెలిసే.

అప్పుడు గోడలో రొద ఆగింది.

ముందు ఆయన ఒక్కడికే తెలిసింది. తరవాత మిగతా ఇద్దరూ తలలు తిప్పారు. లోపల కుళాయి ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. అంతసేపూ ఆ మోతలో ఉండి ఇప్పుడు ఒక్కసారిగా అంత నిశ్శబ్దం అయ్యేసరికి చెవులు గుయ్యిమన్నాయి.

ఇంట్లో ఎవరు కట్టినా, అన్నాడు లాయరు. చెప్పి ఉంచండి, అన్నాడు. మేస్త్రి చెప్పలేదు. చెబితే భయపడుతుందని చెప్పలేదు.

ఫోను మెల్లిగా మెట్ల వైపు తిరగబోయింది. మేస్త్రి ఒక్క అంగలో దానికి అడ్డం వచ్చాడు. అద్దంలోకి మొహం పెట్టినట్టు దాని ముందు నిలబడ్డాడు.

"వాల్వు కట్టింది నేనే," అన్నాడు గట్టిగా. "రాసుకో. నేనే కట్టాను."

దర్జీ భార్య తల అవతలికి తిప్పుకుంది.

"మీరు ఇక్కడున్నారు కదా, మేస్త్రిగారూ," అన్నాడు దర్జీ. ఆ మాట అనడం అతనికీ కష్టంగానే ఉన్నట్టుంది.

మెట్ల కిందనుంచి కూతురి గొంతు వినబడింది. ఎన్నాళ్లుగానో ఆ గొంతులో లేని హుషారు.

"గొళ్లెం చప్పుడు విన్నా నాన్నా! తలుపు తీసేశారుగా! ఇక నీళ్లెందుకని వాల్వు నేను కట్టేశా!"

ఫోను ఇంకా ఎత్తే ఉంది.